సెగమెట్ట పటంలో ఇరవై ఏడు బుగ్గలు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక ట్రాలీ ఆటో, సెగమెట్ట మీది నేతగాళ్ళ నమ్మకం, ఒక ఉడుకు గుంత. మూడింటిలోకీ గుంతే ముఖ్యం. ఆటో పాడైతే బాగు చేయించుకోవచ్చు. నమ్మకం చెడితే నాలుగేళ్ళు తిరిగి మళ్ళీ సంపాదించుకోవచ్చు. గుంత పోతే ఇంకొకటి తవ్వుకోలేం.

సెగమెట్ట తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. చుట్టూ పల్లపు నేల, మధ్యలో బల్లపరుపుగా లేచిన రాతి మెట్ట. పైన ఇసుక, గులకరాళ్ళు, కలబంద, జిల్లేడు. ఏడాదిలో పదిహేను రోజులు వాన పడితే ఆ ఏడు మంచి ఏడని లెక్క. చదువుకున్నవాళ్ళు దీన్ని ఎత్తు మీది ఎడారి అంటారు. గొర్రెలు ఏమీ అనవు, దొరికింది మేస్తాయి. ఆ మెట్ట నడుమ ఒక బండ కింద నుంచి ఏడాది పొడుగునా వేడినీళ్ళు ఊరుతుంటాయి. అందులో బియ్యం ఉడకవు గానీ గుడ్డు ఉడుకుతుంది.

నా వ్యాపారం కంబళ్ళు. గొర్రె బొచ్చుకు జిడ్డు ఉంటుంది, అది చన్నీళ్ళకు వదలదు. నేసిన కంబళిని కూడా వేడినీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కాలి. అప్పుడే నేత దగ్గరపడి, పైన పడ్డ వాన లోపలికి దిగదు. కట్టెలతో నీళ్ళు కాచుకుందామంటే మెట్ట మీద చెట్లు లేవు. అందుకని గుంత ఉన్నన్నాళ్ళే కంబళి, కంబళి ఉన్నన్నాళ్ళే ఆ నలభై ఇళ్ళు, ఆ ఇళ్ళు ఉన్నన్నాళ్ళే నేను. ఇంత సూటిగా ఉండే లెక్క నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆ లెక్కలోకి ప్రభుత్వం వచ్చింది.

ఒక సాయంత్రం జీపులో మైకు పెట్టుకుని వచ్చి చాటించారు. రేపు పొద్దున ఎగిరే యంత్రం మెట్ట అంతా ఫోటో తీస్తుందట. భూమిలో ఎక్కడ వేడి ఉంటే అక్కడ ఎర్రగా పడుతుందట. దాన్ని బట్టి వేడినీటి బుగ్గల పటం గీస్తారట. ప్రజలు సహకరించాలట.

జీపు పోగానే మాళక్క నా ఆటోకు అడ్డం వచ్చింది. మాళక్క నేతగాళ్ళకు పెద్ద దిక్కు. ఆమె చేత్తో తడిమి ఊఁ అనకుండా మెట్ట మీద ఒక్క కంబళీ మగ్గం దిగదు.

"ఏం సెట్టీ, ఆ యంత్రము పైనుంచి అంతా తీస్తాదంట గదా?"

"అవునంట మాళక్కా."

"పొద్దున్నే ఆడోళ్ళంతా గుంతకాడ తలకు పోసుకుంటాండాము. అప్పుడు గూడా తీస్తాదా?"

"రేపొక్క పూట మానుకోండి."

"రేపు గంజి దినము. తలకు పోసుకోకుండా గంజిపొయ్యి ముట్టుకుంటామా? నువ్వు మా ఊరికి కొత్తగా వచ్చినట్ల మాట్లాడతావేం?"

నిజమే, మరిచిపోయాను. ఉన్ని పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టించాలి. ఏడాదికి ఒకే రోజు, తిరునాళ్ళకు ముందు, మగ్గం ఉన్న ప్రతి ఇంటి పెరట్లో పెద్ద బాణలి ఎక్కించి గంజి కాస్తారు. దానికి కావలసిన వేరుశనగ పొట్టు నేనే ఆటోలో వేసుకొచ్చి ఇళ్ళ ముందు దించాను కూడా. ఆ రోజు తలస్నానం తప్పించడం బ్రహ్మదేవుడి తరం కాదు, మైకు తరం అసలే కాదు.

చివరికి గుంత చుట్టూ గుంజలు పాతి, పైన కంబళ్ళతో పందిరి వేద్దామనుకున్నాం. ఒక పొర వేస్తే సందుల్లోంచి కనబడుతుందని ఒక ఆడపిల్ల అంది. రెండో పొర వేశాం. ఎగిరే యంత్రం కళ్ళు మన కళ్ళలాంటివి కావని ఇంకొకరన్నారు. నాలుగు పొరలు వేశాం. అరవై కంబళ్ళూ నావే. ఆనందంగా ఇచ్చాను. తరువాత ఆ ఆనందాన్ని చాలాసార్లు తలచుకున్నాను.

తెల్లవారింది. ఆడవాళ్ళు పందిరి కింద నిశ్చింతగా స్నానాలు చేసి, పెరళ్ళకు వెళ్ళి పొయ్యిలు ముట్టించారు. మగ్గమున్న ఇరవై ఏడు ఇళ్ళ బాణళ్ళలో గంజి కుతకుతలాడుతుండగా యంత్రం తేనెటీగలా రొద చేస్తూ వచ్చి, రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది. అందరం పైకి చూసి చేతులు ఊపాం. మంచి కంబళి వేడిని బయటికి పోనివ్వదని ముప్ఫై ఏళ్ళుగా చెప్పి అమ్ముతున్నవాణ్ణి నేను. ఆ రోజు ఆ మాట నాకే గుర్తు రాలేదు.

మూడు నెలలకు పటం వచ్చింది. దానితో పాటు ఉష్ణజల వనరుల గుర్తింపు, పటీకరణ, పరిరక్షణ సాధికార సంస్థ డైరెక్టరు ప్రద్యుమ్నరావు గారు వచ్చారు. పటాన్ని బడి వరండాలో తలుపంత వెడల్పున వేలాడదీసి, చేతికర్ర పట్టుకుని నిలబడ్డారు.

"ఈ ప్రాంతపు భూగర్భ ఉష్ణసంపద తరతరాలుగా అనాదరణకు గురైనది. మా సంస్థ శాస్త్రీయ కృషి ఫలితంగా ఇరవై ఏడు సహజ ఉష్ణజల వనరులు గుర్తింపబడినవని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బీరప్ప తాత లేచాడు. ఆయనకు చెవులు సరిగా వినబడవు గానీ కళ్ళు బాగా పనిచేస్తాయి.

"ఇరవై ఏడా? యాడుండాయి సామీ?"

"మీ ఇల్లెక్కడ?"

తాత పటం దగ్గరికి వెళ్ళి చూపించాడు. డైరెక్టరుగారి ముఖం వెలిగింది.

"మీ పెరట్లోనే ఉంది. పద్నాలుగో నంబరు వనరు."

"అది మా గంజిపొయ్యి గదప్పా!"

"అది మీరు వాడుకలో పెట్టుకున్న పేరు. రికార్డులో ఉష్ణజల వనరు నంబరు పద్నాలుగు."

నేను కూడా పటం చూశాను. ఇరవై ఏడు ఎర్రచుక్కలు, మగ్గమున్న ఇంటికొకటి. మెట్ట మధ్యలో, గుంత ఉన్నచోట, ముచ్చటైన నీలిరంగు మచ్చ. మచ్చ కింద చిన్న అక్షరాలు: 'శీతల, స్థిర, నిర్మాణయోగ్య స్థలం'.

"అయ్యా, ఇక్కడే అసలు గుంత ఉంది" అన్నాను.

"ఇక్కడ ఏమీ లేదు. మెట్ట మొత్తం మీద అతి చల్లని ప్రదేశం ఇదే."

"మీరొకసారి వచ్చి చేయి పెట్టి చూడండి."

"చేయి ప్రామాణిక పరికరం కాదు."

"ఆ రోజు మేము పైన కంబళ్ళు కప్పామండీ."

"పటంలో కంబళ్ళు కూడా లేవు" అన్నారాయన, నా మాటను రెండు వైపుల నుంచీ మూసేస్తూ. తరువాత దయతలచి ఒక ఆక్షేపణ ఫారం ఇప్పించారు. అందులో మొదటి గడి: వనరు నంబరు. గుంతకు నంబరు లేదన్నాను. నంబరు లేని వనరుపై ఆక్షేపణ స్వీకరించబడదన్నారు. పోనీ నంబరు ఇవ్వమన్నాను. పటంలో ఉంటే తప్పక ఇస్తామన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. తప్పిపోయిన పిల్లవాణ్ణి ఇంటికి దారి చూపించినట్టు మాట్లాడారు.

సభ ముగిసే ముందు అసలు కబురు చెప్పారు. సాధికార సంస్థకు స్వంత భవనం మంజూరైంది. బుగ్గల మీద కట్టడం నిషిద్ధం కనుక, చల్లని స్థలం ఒకటే కనుక, భవనం ఆ నీలిమచ్చ మీదే వస్తుంది. వచ్చే నెల ఇరవైన కాంక్రీటు పోస్తారు.

ఆ మాటకు మాళక్క ఒక్కతే గట్టిగా నవ్వింది. "గుంత మింద ఇల్లు కట్టి దాంట్లో కూకుంటారంట! కూకోండి సామీ, బాగా ఉడుకుతారు." ఇంటికి పోయే దారిలో మాత్రం ఆమె నవ్వలేదు. "సెట్టీ, గుంత పూడ్చేస్తే మేము యాడికి పోవల్ల?" అంది. సరుకు లేనప్పుడు ధర చెప్పడం నాకు అలవాటు లేదు.

వారం తిరక్కముందే ఇరవై ఏడు ఇళ్ళకూ నోటీసులొచ్చాయి. తనిఖీ బృందం వచ్చి చూస్తే వనరులన్నీ చల్లగా ఉన్నాయట. పటం గీసిన నాటికి వేడిగా ఉండి తరువాత చల్లారినవి కాబట్టి, ఎవరో చల్లార్చి ఉండాలి. సహజ వనరును చల్లార్చినందుకు ఇల్లు ఎందుకు ఖాళీ చేయించరాదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

బీరప్ప తాత నోటీసును తలకిందులుగా పట్టుకుని అడిగాడు. "పొయ్యి ఆర్పకుండా ఎట్లుండేదప్పా? ఆర్పకుంటే ఇల్లు కాలిపోదా?"

"మళ్ళీ చూడను వచ్చేదాకా ఏడు దినాలు పొయ్యి మండించడానికి పొట్టు యాడనుంచి తెస్తావు సెట్టీ?" అంది మాళక్క.

పొట్టుతో పని లేదన్నాను. పెరట్లో పొయ్యి ఉన్నచోట మోకాలిలోతు గుంటలు తీయించాను. గడువు తీరి మళ్ళీ తనిఖీకి వచ్చిన నాటి పొద్దున గుంతలోంచి డ్రమ్ములతో నీళ్ళు తోడి, మూతలు బిగించి, డ్రమ్ము చుట్టూ కంబళి చుట్టి, ఆటోలో ఇంటింటికీ పోశాను. తనిఖీ అధికారి ఒక్కొక్క గుంటలో ఉష్ణమాపకం ముంచి చదువుతూ పోయాడు.

"నంబరు పద్నాలుగు, యాభై తొమ్మిది డిగ్రీలు. అత్యుత్తమం. మొన్న వచ్చినప్పుడు ఇరవై ఎనిమిదే ఉందే?"

బీరప్ప తాత నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అధికారి తానే పుస్తకంలో రాసుకున్నాడు: 'ఋతుపరమైన సంకోచం. ప్రస్తుతం తొలగినది.'

నోటీసులు రద్దయ్యాయి. రద్దయిన చోట బోర్డులు లేచాయి. ప్రతి పెరట్లో ఒక నంబరు, ఒక హెచ్చరిక: ఈ వనరు నుండి నీరు తీయుట నేరము. రోజూ ఉదయం పదిగంటలకు కొలత. ఎంత మంచి డ్రమ్మయినా, ఎంత మంచి కంబళి అయినా, గుంటలో పోసిన నీళ్ళు, కొలిచేవాడు ఇరవై ఏడో గుంటకు చేరేసరికి చల్లారతాయి కదా. ఆ సంకోచం ఎక్కువైపోతోందని సంస్థ ఆలోచించి ఒక టెండరు పిలిచింది. పేరు: సహజ ఉష్ణజల వనరుల సహజ ఉష్ణతా నిర్వహణ. అంటే, వేడినీటి బుగ్గలకు వేడినీళ్ళు సరఫరా చేయడం.

మెట్ట ఎక్కగలిగిన ఆటో నాదొక్కటే. టెండరు నాకే వచ్చింది. ఫారంలో 'నీరు తెచ్చు చోటు' అన్న గడిలో ఏం రాయాలా అని ఆలోచించి, ఉన్నది ఉన్నట్టు రాశాను: పటంలో లేని చోటు నుండి. గుమాస్తా అది చదివి నన్ను మెచ్చుకున్నాడు.

"చాలా మంచిదండీ. పటంలోని వనరుల నుంచి తోడితే నేరం అయ్యేది. మీరు నిబంధనలు చదివినవారిలా ఉన్నారు."

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నా వ్యాపారం బాగానే ఉంది. లేని బుగ్గలకు ఉన్న నీళ్ళు పోయడానికి, ఉన్న బుగ్గను లేదన్నవాళ్ళే నన్ను పెట్టుకున్నారు. కాని ఇరవయ్యో తారీకు దగ్గరపడుతోంది. కాంక్రీటు పడితే నా టెండరు పోతుంది, అది పెద్ద నష్టం కాదు. బుగ్గలు చల్లారితే మళ్ళీ నోటీసులొస్తాయి. ఇళ్ళు పోతాయి, బొచ్చు కడగడానికి నీళ్ళూ పోతాయి. ఈ లెక్క డైరెక్టరుగారికి చెబుదామని పట్నం వెళ్ళాను.

"అయ్యా, ఆ గుంత మూస్తే మీ ఇరవై ఏడు బుగ్గలూ చల్లారతాయి."

"సహజమైన బుగ్గలు చల్లారవు."

"చల్లారకపోతే నాకు టెండరెందుకు ఇచ్చారండీ?"

ఆయన జాలిగా చూశారు. "గోడ గడియారం నడుస్తుంది. అయినా కీ ఇస్తాం గదా. కీ ఇచ్చినంత మాత్రాన అది నడవదని అర్థమా?"

నమస్కారం పెట్టి వచ్చేశాను.

భవనం కట్టే పని చూడటానికి మునీశ్వర్ అనే కుర్ర ఇంజనీరు దిగాడు. మా వైపు వాడే. ముగ్గు వేసిన గీత మీద మొదటి రోజు నడిచేసరికి అతని బూటు అట్ట ఊడి నేలకు అతుక్కుపోయింది. రెండో రోజు కూలీలు చెప్పులు తడుపుకుని తవ్వారు. మూడో రోజు నేను గుంత దగ్గర డ్రమ్ములు నింపుకుంటుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సెట్టీ, ఇది గుంతే గదప్పా?"

"మీ పటం కాదంటోంది."

"పటం మాట పక్కన పెట్టు. నాకు తెలుస్తాంది గానీ రాయలేను. గుంత అని రాస్తే పటం తప్పని రాసినట్టు. ఆ పటం కింద పదకొండు సంతకాలుండాయి. అందులో నలుగురికి సన్మానాలు గూడా అయిపోయినాయి."

"గుంత అని రాయలేవు. సరే. మరి ఏం రాయగలవు?"

అతను ఇసుకలో పుల్లతో గీతలు గీస్తూ ఆలోచించాడు. "నీళ్ళు కారడము రాయొచ్చు. లీకేజీ అని. ప్రతి కట్టడములోనూ రాస్తాము, ఎవ్వురూ అడగరు. కానీ లీకేజీకి పైపుండల్ల గదా. పైపు లేకుండా యాడనుంచి కారతాది?"

"పైపు ఉంటే?"

"ఉంటే ఇంగేముంది? పైపు ఏ శాఖదో కనుక్కోవల్ల. ఆ శాఖ అనుమతి ఇచ్చేంతవరకూ దాన్ని ముట్టుకోకూడదు. చుట్టూ పదడుగులు వదలల్ల. కారిన నీళ్ళకు కాలవ తీయల్ల. రూలు."

పట్నంలో పాత ఇనుము అంగడిలో ఆరడుగుల తుప్పు పైపు కొన్నాను. కొత్త పైపు ఇవ్వబోయాడు. వద్దన్నాను. ఎంత పాతదయితే అంత మేలు.

మాళక్కకు చెబితే అగ్గిమీద గుగ్గిలమైంది.

"అమ్మను పట్టుకోని లీకేజీ అంటావా? దానికి తుప్పు పైపు దూరుస్తావా? మా అత్త, మా అత్తకు అత్త, అందరమూ పసుపు కుంకుమ పెట్టిన తావది. నీ నోరు పడిపోను!"

"పేరు ఏది పెట్టినా నీళ్ళు చల్లారవు మాళక్కా. కాంక్రీటు పోస్తే చల్లారతాయి."

"అట్లని అబద్ధము చెప్తామా?"

"మీ పొయ్యిలను బుగ్గలన్నవాళ్ళతో మాట్లాడుతున్నాం. వాళ్ళకు తెలిసిన భాషలో చెబుతున్నాం, అంతే."

ఇరవై తారీకుకు రెండు రోజులే ఉంది. మాళక్క కిందికి వంగి పైపును చేత్తో తడిమింది, కంబళిని తడిమినట్టే. "తుప్పు గూడా మంచిదే తెచ్చినావులే" అంది. తరువాత ఆ పైపుకు కూడా పసుపు రాసింది. అది వద్దని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

కూలీలు మధ్యాహ్నం సద్దికి కూర్చున్నప్పుడు పైపును బండ కింద సందులో దిగగొట్టి, రాళ్ళతో బిగించాం. నీళ్ళు అందులోంచి ఆవిరి కక్కుతూ, నిజంగానే ఎవరో బిగించడం మరిచిపోయినట్టు కారసాగాయి. మునీశ్వర్ చెయ్యి కడుక్కుని వచ్చి, దాన్ని చూసి, మొహంలో ఏ భావమూ లేకుండా డైరీ తీశాడు.

అతని నివేదికను నేను చదివాను. 'నిర్మాణ స్థలమందు గుర్తు తెలియని శాఖకు చెందిన పురాతన పైపు నుండి వేడినీరు కారుచున్నది. యాజమాన్యము నిర్ధారించవలెను.'

పట్నంలో గగ్గోలు పుట్టింది. పటం తప్పయితే ఎవరికీ పట్టలేదు గానీ, పైపు ఒకటి ఉండి అది ఎవరిదో తెలియకపోవడం ఎవరూ భరించలేకపోయారు. తొమ్మిది శాఖలకు ఉత్తరాలు వెళ్ళాయి. తాగునీటివాళ్ళు తమ పైపుల్లో నీళ్ళే రావని, కనుక ఇది తమది కాదని రాశారు. సేద్యపునీటివాళ్ళు తాము ఆ మెట్టకు నీళ్ళు తెస్తామని మాట ఇచ్చింది నిజమే గాని, తెచ్చినట్టు దాఖలా లేదన్నారు. పురావస్తువాళ్ళు పైపు వయసు నూరేళ్ళు దాటితే తమకు రాయమన్నారు. పశువైద్య శాఖవాళ్ళు ఎందుకో గానీ తమదే కావచ్చునని ఒప్పుకుని, మరుసటి వారం వెనక్కి తీసుకున్నారు.

డైరెక్టరుగారు స్వయంగా వచ్చి పైపును చూశారు. మొదటిసారి ఆయన గుంత దగ్గర నిలబడటం అదే. కళ్ళద్దాలు ఆవిరి పట్టి తెల్లబడ్డాయి. తుడుచుకున్నారు.

"పైపు మీద పసుపు ఏమిటి?"

మాళక్క కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"సర్కారు ఆస్తి గదా సామీ. మేము అట్ల గౌరవిస్తాము."

ఆయన చలించిపోయారు. ప్రజల్లో ఇంతటి బాధ్యత చూడలేదన్నారు. యాజమాన్యం తేలేదాకా ఈ లీకేజీని ఎవరూ మరమ్మతు చేయరాదని, మూయరాదని, మళ్ళించరాదని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. కాంక్రీటు ఇరవైన పడింది గానీ, పైపు చుట్టూ పదడుగులు వదిలి పడింది. భవనం మధ్యలో పైకప్పు లేని వాకిలి ఒకటి మిగిలింది. కారిన నీళ్ళకు రాతి కాలవ కట్టి, ప్రహరీ గోడ కింద నుంచి నేతగాళ్ళ ఇళ్ళ దాకా తెచ్చారు. అంతకుముందు ఆడవాళ్ళు బొచ్చు గంపలు నెత్తిన పెట్టుకుని గుంత దాకా నడిచేవాళ్ళు. ఇప్పుడు నీళ్ళే ఇంటి ముందుకొస్తున్నాయి. స్నానాలకు కాలవ చివర నాలుగు గోడలు కూడా లేచాయి. కాగితాల్లో అవి లీకేజీ నియంత్రణ గదులు.

భవనం ప్రారంభమైన రోజు డైరెక్టరుగారి గదిలో కూర్చోవడానికి వీల్లేనంత ఉక్క. ఆయన చెమట తుడుచుకుంటూనే ఇరవై ఏడు బుగ్గల పటాన్ని గోడకు తగిలించారు. మెట్టలోకెల్లా అతి చల్లని ప్రదేశంలో ఆఫీసు ఉందని ఉపన్యాసం కూడా ఇచ్చారు. తరువాత పన్నెండు కూలర్లకు కబురు పెట్టారు.

ఇక నా లెక్క. పటంలోని ఇరవై ఏడు బుగ్గలూ ప్రభుత్వానివి. వాటికి రోజూ పొద్దున వేడినీళ్ళు పోసే పని ఇంకా నాదే, కాలవ దగ్గరపడింది కనుక శ్రమ సగమైంది. తొమ్మిది శాఖల ఫైలు ఇప్పుడు పట్నంలో మూడో అంతస్తులో ఉందని మునీశ్వర్ చెప్పాడు. అది కిందికి దిగేలోపు నా మనవలు కంబళ్ళు అమ్ముతుంటారు. ఆ పైపు మాత్రం ఇంతవరకూ ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కనుక మెట్ట మీది నలభై ఇళ్ళదీ. ఈ ఏడు మగ్గాల మీద నుంచి మూడు వందల నలభై కంబళ్ళు దిగాయి. మాళక్క అన్నిటినీ తడిమి చూసింది. ఒక్కదానికీ జిడ్డు వాసన లేదు.